ఎదిగే పిల్లలకు తిండి, ఆట, పని



ఈ పూట నేను విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని చెప్పబోవడం లేదు. మన ఇళ్ళలో ఎదుగుతున్న మరొక పంటను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. పదేళ్ళు మొదలు పందొమ్మిదేళ్ళ దాకా వుండే మన పిల్లలు ఏమి తింటున్నారు, ఎంత కదులుతున్నారు, ఈ రెంటికీ వున్న లంకె ఏమిటి - ఇదే నేటి విషయం. "పిల్లల తిండి సంగతి ఆడవాళ్ళది గదా, మాకెందుకు?" అని మగవారు లేచిపోవద్దు. మీకు బాగా తెలిసిన విషయంతోనే మొదలు పెడతాను.

దుక్కి రోజుల్లో ఎద్దుకు ఏం పెట్టేవారు? ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల జత లేని ఊళ్ళు చాలా వున్నాయి గాని, పెద్దలకు బాగా గుర్తుంటుంది. పని వున్నన్నాళ్ళు ఉలవలు ఉడికించి పెట్టేవారు, తెలగపిండి నానబెట్టి పెట్టేవారు. పని లేని రోజుల్లో చొప్ప, పచ్చిమేత చాలుననేవారు. కట్టుగొయ్య దగ్గర ఊరికే నిలబడ్డ ఎద్దుకు దాణా దండిగా పెడితే కొవ్వు పడుతుంది, కాడి కిందికి వస్తే రొప్పుతుంది. దాణా లేకుండా దున్నిస్తే డొక్కలు బయటపడతాయి. అంటే పనికి తగిన మేత, మేతకు తగిన పని. ఈ లెక్క ఏ పుస్తకమూ చదవకుండానే మన తాతలు నేర్చుకొన్నారు.

మరి దూడ సంగతి? దూడ పని చేయదు గదా అని మేత తగ్గిస్తారా? తగ్గించరు. అది ఎదిగేది. దానికి మంచి మేత పెడతారు, కట్టు విప్పి పరుగెత్తనిస్తారు కూడా. మన పిల్లలు ఆ దూడల వంటివారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొంటే నేను చెప్పబోయేదంతా తేలికగా బోధపడుతుంది.

నేను విస్తరణ పనిలో వున్న రోజుల్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. పల్నాటి వైపు ఒక ఊరిలో ఒక రైతు వుండేవాడు. మెట్ట చేను, రెండు గేదెలు. మంచి కష్టజీవి. గేదెల కోసం ఒక నోటుపుస్తకం పెట్టుకొన్నాడు. ఏ పూట ఎన్ని పాలు ఇచ్చింది, ఎంత దాణా తిన్నది, ఎప్పుడు ఎదకు వచ్చింది, అన్నీ అందులో రాసేవాడు. రెండు కిలోల పాలకు ఒక కిలో దాణా చొప్పున లెక్క వేసి, ఆ పుస్తకం మొదటి పేజీలో రాసి ఇచ్చినవాణ్ణి నేనే. ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా ఆ పుస్తకం చూసి, భేష్ అని వచ్చేవాణ్ణి.

ఒకనాడు నేను వారింట్లో వుండగానే తొమ్మిదో తరగతి చదివే వారి అమ్మాయిని స్కూలు నుండి పంతులమ్మగారు చెయ్యి పట్టుకొని తీసుకువచ్చారు. ఆటల గంటలో నాలుగు అడుగులు పరుగెత్తి, కళ్ళు తిరిగి పడిపోయిందట. తల్లి కంగారుగా మజ్జిగ తెచ్చి తాగించింది. ఆ పిల్ల కాస్త తేరుకొన్న తరువాత నేను రైతును అడిగాను.

"ఏమయ్యా, నిన్న నీ పెద్ద గేదె ఎంత దాణా తిన్నది?"

"రెండు పూటలా కలిపి మూడు కిలోలండీ," అన్నాడు తడుముకోకుండా.

"మరి మీ అమ్మాయి నిన్న ఏమి తిన్నది?"

ఆయన భార్య వంక చూశాడు. ఆమె పిల్ల వంక చూసింది. పిల్ల తల వంచుకొన్నది. చివరకు తల్లే చెప్పింది - "పొద్దున్నే కళ్ళాపి చల్లి, అంట్లు తోమి, టీ తాగి పోతదండీ. అన్నం తినే టైము వుండదు. రాత్రి అందరం తిన్నాక నేనూ, అదీ మిగిలింది తింటాం."

నాకు సిగ్గు వేసింది. ఆ రైతు మీద కోపంతో కాదు, నా మీద నాకే. ఆ ఇంటికి ఎన్నోసార్లు వెళ్ళాను. గేదెకు లెక్క వేసి ఇచ్చాను గాని, ఎదిగే పిల్లకు లెక్క వున్నదన్న మాట ఒక్కనాడూ అనలేదు. ఆ తరువాత ఏ.ఎన్.ఎం. గారు వచ్చి వేలి చివర నుండి రక్తం తీసి పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్, అంటే రక్తానికి ఎర్రదనాన్ని ఇచ్చే పదార్థం, 9 గ్రాములు వున్నది. ఆ వయసు ఆడపిల్లకు కనీసం 12 వుండాలి.

అదే ఇంట్లో ఆ పిల్లకు అన్న వున్నాడు, ఇంటరు చదువుతున్నాడు. కాలేజీ రెండు కిలోమీటర్ల దూరం. బండి మీద వెళ్ళి బండి మీద వస్తాడు. రాగానే ఫోను చేతిలో పెట్టుకొని మంచం మీద చేరతాడు. చిప్సు పొట్లం ఒకటి, కూల్‌డ్రింకు సీసా ఒకటి. పదిహేడేళ్ళకే పొట్ట వచ్చింది. బావి మెట్లు ఎక్కితే ఆయాసం. చూశారా? ఒకే కప్పు కింద ఒక బిడ్డకు పని వున్నది, తిండి లేదు. ఇంకొక బిడ్డకు తిండి వున్నది, కదలిక లేదు. ఇద్దరూ నాలుగు అడుగులు పరుగెత్తలేకపోతున్నారు.

ఇప్పుడు లెక్క చెబుతాను. ధాన్యానికి మానిక ఎట్లాగో, తిండిలోని శక్తికి కేలరీ అట్లా కొలత. మన హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ వున్నది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక్క గదిలో మొదలయి, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. ఆ సంస్థ వారు 2020లో ఏ వయసుకు ఎంత కావాలో లెక్కలు ప్రకటించారు. కూర్చుని పని చేసే స్త్రీకి రోజుకు సుమారు 1,660 కేలరీలు, ఒక మాదిరి కష్టం చేసే స్త్రీకి 2,130 కావాలి. మరి 13 నుండి 15 ఏళ్ళ ఆడపిల్లకు? 2,400 కావాలి! అంటే కష్టం చేసే తల్లి కంటె బిడ్డకే ఎక్కువ. ఆ వయసు మగపిల్లవాడికి 2,860. ఒక మాదిరి కష్టం చేసే తండ్రికి 2,710. ఇక్కడా బిడ్డదే పైచేయి.

ఇనుము లెక్క ఇంకా విచిత్రం. రక్తం పట్టడానికి కావలసింది ఇనుము. తండ్రికి రోజుకు 19 మిల్లీగ్రాములు చాలు. ఆ వయసు ఆడపిల్లకు 30 కావాలి. ఎదుగుదల ఒకవైపు, నెలనెలా పోయే రక్తం ఒకవైపు. మనం ఏం చేస్తున్నాము? పెద్ద ముద్ద తండ్రికి, గుడ్డు అన్నకు, అడుగున మిగిలిన చారు అమ్మాయికి. లెక్కకు సరిగ్గా ఎదురు నడుస్తున్నాము. 2019 నుండి 2021 వరకు దేశమంతటా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత వున్నట్లు తేలింది. మగపిల్లలలోనూ నూటికి 31 మందికి వున్నది. కాబట్టి ఇది ఒక ఇంటి సంగతి కాదు.

రక్తం తక్కువైన బిడ్డ ఆడదు. రక్తమే గదా ఒంటిలోని కండలకు ప్రాణవాయువును మోసుకుపోయేది. మోసే బండ్లు తక్కువయితే సరుకు చేరదు. పిల్లకు ఆయాసం వస్తుంది, ఒక మూల కూర్చుంటుంది. మనం "మా పిల్ల నెమ్మదస్తురాలు, ఆటలకు పోదు" అని మురిసిపోతాము. అది నెమ్మది కాదు, నీరసం. ఆటలకు పోని పిల్లకు ఆకలి మందగిస్తుంది. ఆకలి లేని పిల్ల సరిగా తినదు. తినకపోతే రక్తం పట్టదు. గానుగెద్దు తిరిగినట్టు అక్కడక్కడే తిరుగుతుంది. తిండి తప్పినందువల్ల కదలిక తప్పడం ఇట్లా.

ఇక రెండోది, కదలిక తప్పినందువల్ల తిండి తప్పడం. "పని చేయకపోతే ఆకలి తగ్గుతుంది గదా, ఒంటికి ఆ తెలివి వుండదా?" అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు మన దేశంలోనే దొరికింది. పశ్చిమ బెంగాలులో ఒక జనపనార మిల్లులో పనిచేసే 200 మందికి పైగా మగవారి తిండిని, పనిని, బరువును జీన్ మేయర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కొలిచి చూసి, 1956లో ఆ సంగతులు ప్రకటించారు. తేలిక పని చేసేవారి దగ్గర నుండి బరువులు మోసేవారి వరకు, పని పెరిగినకొద్దీ తిండి పెరిగింది, ఒంటి బరువు మాత్రం అదుపులోనే వున్నది. అది మనం అనుకొన్నట్టే వుంది. అయితే కుర్చీలో కూర్చునే గుమాస్తాలు, దుకాణాల వారి దగ్గరకు వచ్చేసరికి లెక్క తిరగబడింది. వారి తిండి తగ్గలేదు సరికదా, కష్టం చేసేవారితో సమానంగా తిన్నారు. బరువు కూడా పెరిగారు. వారు పెద్దవారు, మనం మాట్లాడేది పిల్లలను గురించి, నిజమే. అయినా ఒక సూచన మనకు అందులో వున్నది. ఆకలి అనే త్రాసు సరిగా తూగాలంటే ఒంట్లో కొంత కదలిక వుండి తీరాలి. కదలిక బొత్తిగా లేనివాడికి కడుపు చెప్పే మాట సరిగా వినపడదు. చేతిలో ఫోను, కళ్ళు బొమ్మల మీద వుంటే ఎన్ని ముద్దలు తిన్నదీ తెలియనే తెలియదు.

మరి ఆ తినేది ఏమిటి? యాభై గ్రాముల ఆలు చిప్సులో సుమారు 270 కేలరీలు వుంటాయి. 45 కిలోల పిల్లవాడు అవి ఖర్చు పెట్టాలంటే మామూలు నడకన గంటన్నర నడవాలి. "అయితే వేయించిన పల్లీలు యాభై గ్రాములు తింటే?" అంటారా? వాటిలోనూ ఇంచుమించు అన్ని కేలరీలే వుంటాయి. కాని పల్లీలలో 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, చిప్సులో మూడో నాలుగో. మాంసకృత్తులంటే కండను కట్టే ఇటుకలు. ఒకటి కండ కడుతుంది, ఇంకొకటి ఉప్పూ నూనే ఇచ్చి దాహం పెంచుతుంది. ఆ దాహానికి కూల్‌డ్రింకు. పావు లీటరు సీసాలో సుమారు 27 గ్రాముల పంచదార, అంటే అయిదు చెంచాలకు పైన. మన చేలో పండిన పల్లీని బస్తాలకెత్తి అమ్మి, ఆ డబ్బుతో పిల్లవాడికి పొట్లం కొని పెడుతున్నాము. ఇది ఏం బేరమో మీరే ఆలోచించండి.

ఇంకొక మార్పు కూడా వచ్చింది. మా చిన్నతనంలో మెట్ట ప్రాంతాలలో జొన్న సంకటి, రాగి సంకటి, సజ్జ రొట్టె, కొర్రన్నం రోజువారీ తిండి. వరి అన్నం పండుగనాటి మాట. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. బీదల ఇళ్ళలో పొయ్యి వెలిగింది. దానిని తక్కువ చేసి మాట్లాడేవాడు ఆకలి ఎరగనివాడు. అయితే ఆ తరువాత తరువాత తెల్లగా పాలిషు పట్టిన అన్నమే మూడు పూటలా తిండి అయింది. పైన కాసిన్ని చారు నీళ్ళు, పచ్చడి. పాలిషు పట్టిన బియ్యంలో నూరు గ్రాములకు ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా వుండదు, సజ్జలలో సుమారు ఆరు వుంటుంది. ఎముకకు కావలసిన సున్నం, అంటే కాల్షియం, నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు వుంటే, బియ్యంలో పది దాటదు. అన్నం మానండి అనడం లేదు. మూడు పూటలలో ఒక పూటను రాగికో, జొన్నకో, సజ్జకో తిరిగి ఇవ్వండి అంటున్నాను.

ఎముక సంగతి వచ్చింది గనుక ఒక రహస్యం చెబుతాను. రాగి జావ తాగినంత మాత్రాన ఎముక గట్టిపడదు. గోడకు సున్నం తెచ్చి వాకిట పోస్తే గోడ లేస్తుందా? మేస్త్రి కావాలి. ఎముకకు ఆ మేస్త్రి దూకుడు, పరుగు, బరువు ఎత్తడం. ఎముక మీద బరువు పడ్డప్పుడే ఒళ్ళు దానికి సున్నం పట్టిస్తుంది. ఎండ కూడా కాస్త తగలాలి. జీవితమంతా మోయవలసిన ఎముక బలంలో చాలా భాగం ఇరవయ్యేళ్ళ లోపే సమకూడుతుంది. అందుకని తొక్కుడుబిళ్ళ ఆడే ఆడపిల్లను "ఏమిటా గెంతులు?" అని కసరవద్దు. ఆ గెంతులే రేపు ఆమె నడుమును నిలబెట్టేవి.

మరి ఎంత కదలాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం 5 నుండి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున ఒక గంట, గుండె వేగంగా కొట్టుకొనేటట్టు, చెమట పట్టేటట్టు ఆడాలి లేదా పని చేయాలి. అందుకు క్లబ్బులు, యంత్రాలు అక్కరలేదు. కబడ్డీకి ఒక గీత చాలు. ఖోఖోకు రెండు గుంజలు చాలు. తాడాటకు మోకు ముక్క చాలు. బిళ్ళంగోడుకు రెండు కర్రలు చాలు. రెండు కిలోమీటర్ల లోపు స్కూలయితే నడకో, సైకిలో. కళ్ళం మీద ఒక గంట పిల్లలకు వదిలితే నష్టం లేదు.

పొలం పని మాట కూడా చెప్పాలి. సెలవు రోజున పిల్లలను చేలోకి తీసుకువెళ్ళండి. కలుపు తీయనివ్వండి, మడికి నీళ్ళు కట్టనివ్వండి, మేత కోయనివ్వండి. ఆడపిల్లా మగపిల్లవాడూ ఇద్దరూ చేయాలి. అయితే మూడు హద్దులు వున్నాయి. బడి మాన్పించి పనికి పెట్టకూడదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను కూలికి పంపడం చట్టవిరుద్ధం కూడాను. మోయలేని బస్తా ఎత్తించకూడదు. పురుగుమందు కొట్టే చోటికి, కొట్టిన చేలోకి పిల్లలను రానివ్వకూడదు. ఇంకొక మాట. ఇల్లు ఊడ్చి, నీళ్ళు మోసి, అంట్లు తోమిన ఆడపిల్లకు అలసట వుంటుంది, ఆట వుండదు. ఆ పనిలో సగం అన్న చేతిలో పెట్టండి. వాడి పొట్టా తగ్గుతుంది, ఆ పిల్లకు ఆడుకొనే గంటా దొరుకుతుంది.

ఇప్పుడు ఒక రోజు తిండి ఎట్లా వుండాలో చెబుతాను. ఖర్చు పెద్దగా లేనిదే చెబుతాను.

పొద్దున బడికి పోయే ముందు ఏదో ఒకటి కడుపులో పడాలి. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి వుంచిన చద్దన్నం, ఉల్లిపాయ నంజుడు. లేదంటే రాగి జావ, జొన్న రొట్టె, పప్పు. పెసరట్టు వేస్తే మరీ మంచిది. ఒట్టి టీ తాగించి పంపడం బండిని ఇంధనం లేకుండా తోలడమే. టీ తాగితే తిండికి గంట ముందో, గంట తరువాతో తాగాలి. భోజనంతో పాటు టీ తాగితే తిన్న ఇనుము సరిగా ఒంటపట్టదు.

మధ్యాహ్నం బడిలో పెట్టే భోజనం మానకుండా తినమని చెప్పండి. "ఆ అన్నం తినడం నామోషీ" అని కొందరు పెద్దపిల్లలు మానుతున్నారు. ఆరు నుండి ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ ఒక్క పూటలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు వుండాలని నియమం. అది పిల్లల హక్కు. వంట బాగా లేకపోతే తల్లిదండ్రులు వెళ్ళి అడగాలి గాని, పిల్ల కడుపు మాడ్చకూడదు.

సాయంత్రం ఆటకు ముందు గుప్పెడు గుగ్గిళ్ళు, శనగలవో పెసలవో అలసందలవో. లేకపోతే పల్లీ ఉండ, నువ్వుల చిమ్మిలి. ఒక జామకాయ. ఆట అయిన తరువాత మంచినీళ్ళు, పలుచటి మజ్జిగ.

రాత్రి అన్నమో సంకటో, గట్టి పప్పు, తోటకూర, గోంగూర, మునగాకు వంటి ఏదో ఒక ఆకుకూర. ఆకుకూరలోని ఇనుము ఒంటపట్టాలంటే పక్కన పులుపు కావాలి. నిమ్మకాయ పిండండి, ఉసిరి పచ్చడి వేయండి. తినేవారికి వారానికి మూడు నాలుగు గుడ్లు, దొరికినప్పుడు చేప. పాలు అమ్మే ఇంట్లో పిల్లలకు ఒక్క గ్లాసు మిగల్చండి. పొద్దు పోకముందే తిని, వేళకు పడుకోవాలి. రాత్రంతా ఫోను చూసిన పిల్లవాడు పొద్దున ఆలస్యంగా లేస్తాడు, తినకుండా పోతాడు, పదకొండు గంటలకు పొట్లం కొంటాడు. చూశారా, నిద్ర తప్పితే తిండి తప్పుతుంది, తిండి తప్పితే ఆట తప్పుతుంది.

పిల్ల లావెక్కిందని పూట మాన్పించే తల్లిదండ్రులు కూడా వున్నారు. అది తప్పు. ఎదిగే పైరుకు నీరు కట్టడం మానుతామా? తిండి మాన్పించకండి, తిండి రకం మార్చండి. పొట్లాలు, తీపి నీళ్ళు, నూనెలో వేగినవి తగ్గించి, కదలిక పెంచండి. కండ కదిలినప్పుడు రక్తంలోని చక్కెరను వాడుకొంటుంది. చిన్న వయసులోనే చక్కెర వ్యాధికి దారి తీయకుండా కాపాడే పనులలో ఇది ముఖ్యమైనది.

పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో తెల్లవారుజామున రోడ్ల మీద పరుగులు తీసే కుర్రవాళ్ళను మన ఊళ్ళలో చూస్తున్నాము. సంతోషించవలసిన విషయం. 1,600 మీటర్ల పరుగు నెగ్గాలని వారి తపన. కాని కొందరు ఖాళీ కడుపుతో పరుగెత్తి, అప్పు చేసి డబ్బాలలో అమ్మే పొడులు కొంటున్నారు. నాయనా, ఆ డబ్బు దాచుకోండి. పరుగుకు ముందు ఒక అరటిపండో, బెల్లం ముక్కతో నాలుగు పల్లీలో తినండి. పరుగు తరువాత రెండు గుడ్లలో 12 గ్రాముల మాంసకృత్తులు, గుప్పెడు నానబెట్టిన శనగలలో తొమ్మిది పది, ఒక గ్లాసు గేదె పాలలో ఏడెనిమిది వస్తాయి. కండ ఒక్కసారిగా రాదు, నెలలు పడుతుంది. పైరు కూడా రాత్రికి రాత్రి వెన్ను వేయదు గదా.

ఇక మందుల మాట. బడిలో, అంగన్‌వాడీలో పదేళ్ళు దాటిన పిల్లలకు వారానికి ఒక నీలం రంగు ఇనుపమాత్ర ఇస్తారు. మధ్యాహ్నం తిన్న తరువాత వేసుకోవాలి. విరేచనం నల్లగా అవుతుందని భయపడవద్దు, అది సహజమే. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా తప్పక వేయించండి. కడుపులో పురుగులుంటే మనం పెట్టే తిండి వాటికే పోతుంది. చెప్పులు లేకుండా బహిర్భూమికి పోనివ్వకండి. పిల్ల పాలిపోయి, ఆయాసపడుతూ వుంటే మాత్రం ఈ మాటలు విని ఊరుకోకుండా ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళి రక్తపరీక్ష చేయించండి. తక్కువ వుంటే డాక్టరుగారు చెప్పిన లెక్క ప్రకారం రోజూ మాత్రలు వేసుకోవలసి వుంటుంది.

విస్తరణ కార్యకర్తలుగా పనిచేసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఒక మనవి. మీరు చేను చూడడానికి వెళ్ళినప్పుడు పెరడు కూడా చూడండి. రెండు మునగ చెట్లు, ఒక జామ, నాలుగు ఆకుకూర మళ్ళు వున్నాయా అని అడగండి. చిరుధాన్యాల విత్తనం ఇచ్చేటప్పుడు "అమ్మకానికి ఇంత, ఇంటి పిల్లలకు ఇంత" అని చెప్పండి. కృషి విజ్ఞాన కేంద్రాలలో గృహ విజ్ఞాన నిపుణులు వుంటే, వారిని ఒకసారి ఊరికి పిలవండి. సమావేశానికి తల్లులనే కాదు, తండ్రులను కూడా కూర్చోబెట్టండి. కొనేది, అమ్మేది తండ్రే అయినప్పుడు ఈ లెక్క ఆయనకూ తెలియాలి. నేను చాలా ఏళ్ళు చేసిన పొరపాటు మీరు చేయకండి.

మొదట చెప్పిన రైతు ఇంటి సంగతి ముగించి సెలవు తీసుకొంటాను. ఆ రోజు ఆయన ఏమీ మాట్లాడలేదు. మరుసటి నెల నేను వెళ్ళినప్పుడు ఎప్పటివలెనే నోటుపుస్తకం తెచ్చాడు. గేదెల లెక్క చూశాను. "వెనక్కి తిప్పండి," అన్నాడు. వెనక పేజీలో పిల్లలిద్దరి పేర్లూ వున్నాయి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఏమి తిన్నారో అమ్మాయి చేతి రాతతో వున్నది. చివరి గడిలో "ఆట" అని రాసి, ఎదురుగా అరగంట, గంట అని వున్నది. కొన్ని రోజులకు సున్నా వున్నది. "సున్నాలు ఎందుకున్నాయి?" అన్నాను. "మిరపకాయ కోతలండీ, ఆడుకోవడానికి పోనీలేదు. అబద్ధం రాయడమెందుకని సున్నా వేయమన్నాను," అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు తండ్రితో పాటే కంచం పెట్టుకొంటున్నదట. అన్న బండి దిగి సైకిలెక్కడానికి మాత్రం ఇంకా గొణుగుతున్నాడట.

మూడు నెలలు మాత్రలు, పప్పు, ఆకుకూర పడిన తరువాత ఆ అమ్మాయి రక్తం పన్నెండుకు చేరువయింది. స్కూలు ఖోఖో జట్టులో పేరు ఇచ్చిందని పంతులమ్మగారు చెప్పారు. గెలిచిందో ఓడిందో నేను అడగలేదు. పరుగెత్తిందంటే చాలుననిపించింది.

సోదరులారా, మీ ఇంట్లో గేదెకు పుస్తకం వుంటే, రేపు దాని వెనక పేజీ తిప్పండి. పుస్తకం లేకపోయినా ఫరవాలేదు. ఈ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు మీ బిడ్డను ఒక్క మాట అడగండి - "ఇవాళ ఏం తిన్నావమ్మా? ఏం ఆడావు?" మిగిలిన లెక్క ఆ జవాబే మీకు చెబుతుంది.